బొజ్జ చాటు ఫ్లాస్కు

“లోపలికి ఎవరూ రావద్దు!”

డాక్టర్ రూతు అరుపుకి కారిడార్‌లో ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆగనివాడు ఒక్కడే. నీలం యూనిఫాం, భుజాన టూల్ బ్యాగు, గుండీలను తోసుకుంటూ మనిషికన్నా ముందు నడిచే బొజ్జ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ రీసెర్చ్ ల్యాబ్‌లో అతన్ని అందరూ ఏసీ మెకానిక్ అనుకుంటారు. నిజానికి ఏసీలు బాగానే రిపేరు చేస్తాడు. జీతం మాత్రం ఆరో బ్లాక్ ఇస్తుంది. ఆరో బ్లాక్ ఏ ప్రభుత్వ డైరెక్టరీలోనూ దొరకదు. అక్కడ అతను ఏజెంట్ తిరుపతి.

తలుపు దాటగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది.

గది మధ్యలో లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ మూత ఊడి పడి ఉంది. ఎప్పుడూ తెల్లగా పొగలు కక్కే క్యాన్ ఇప్పుడు ఖాళీ బిందెలా నోరు తెరుచుకుంది. అందులో గడ్డకట్టించి దాచిన కణాలన్నీ కరిగి చచ్చాయి. పక్కన ఇంక్యుబేటర్ అరల్లో అరచేయంత ప్లాస్టిక్ ఫ్లాస్కులు వరసగా ఉన్నాయి. వాటిలో గులాబీ షర్బత్ రంగులో ఉండాల్సిన ద్రవం నీళ్లలా వెలిసిపోయింది.

“ఎవడో బ్లీచ్ పోసిండు,” అంది రూతు. “నేను టీకి పోయొచ్చేలోపల.”

“అన్నీ పోయినయా మేడం?”

“వాడు అట్లనే అనుకోవాలె.” ఆమె తలుపు మూసి గొంతు తగ్గించింది. “ఒకటుంది. పక్క ల్యాబోళ్ల ఇంక్యుబేటర్‌ల, వాళ్ల డబ్బాల ఎనుక దాచిన. కణాలు పెంచెటోళ్లం అందరం జేసే పనే. మన తాన కరెంటు పోతే పక్కింట్లనన్న ఒకటి బతకాలె గదా.”

“నాలుగింటికల్లా అది ఉప్పల్‌ల ఉండాలె,” అన్నాడు తిరుపతి.

“ఉంటే రమేష్ కేసు బతుకుతది. లేకపోతే...”

“లేకపోతే అనే మాటనే లేదు మేడం.”

ఆ మాట అన్నది గోడకానుకుని స్టూలు మీద కూర్చున్న వెంకటనర్సమ్మ. రమేష్ భార్య.

రమేష్ ఇదే నాచారంలో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్‌గా చేసేవాడు. కాస్త ఒళ్లున్న మనిషి. ఒళ్లు తగ్గించే ‘సన్నజాజి’ అనే పౌడర్ ట్రయల్‌లో చేరాడు. చూస్తూ చూస్తుండగానే సన్నబడ్డాడు. బోడుప్పల్ దారిలో కంపెనీ అతని ఫోటోలతో హోర్డింగ్ పెట్టింది. అప్పుడు ఇలా, ఇప్పుడు ఇలా. ఆ హోర్డింగ్ దించకముందే మనిషి పోయాడు. లివర్ నిండా కొవ్వు. తాగి తాగి పోయాడని కంపెనీ ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పింది.

“మా ఆయన కల్లు గూడ ముట్టలే,” అని వెంకటనర్సమ్మ స్టేషన్లో చెప్పింది. ఆఫీసుల్లో చెప్పింది. టీవీ మైకుల ముందు చెప్పింది. విన్నది రూతు ఒక్కతే. దవాఖానాలో రమేష్‌కి ఆపరేషన్ చేసినప్పుడు తీసిన చిటికెడు కొవ్వులోంచి, భార్య అనుమతితో, లేత కణాలు వేరుచేసి పెంచింది. ఇప్పుడు ఈ భూమ్మీద రమేష్ ఒంట్లోది అంటూ ప్రాణంతో మిగిలింది ఆ ఒక్క ఫ్లాస్కే.

సన్నజాజి వెనక ఉన్నది ‘ఫెదర్’ అనే విదేశీ ముఠా. దేశానికో పేరు, దేశానికో డబ్బా. ఉప్పల్‌లోని ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో ఈ రోజు నిపుణుల కమిటీ చివరి విచారణ. నాలుగు గంటలలోపు బతికున్న కణాలు చేతికిస్తే కమిటీయే వాటిని పెంచి, పౌడర్ కలిపి పరీక్షిస్తుంది. ఇవ్వకపోతే ఫైలు క్లోజ్. సన్నజాజి ఆరోగ్య పథకం పేరుతో లక్షలమంది ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లకు సర్కారు ముద్రతో చేరిపోతుంది.

పక్క గదిలో ఆరో బ్లాక్ చీఫ్ మురళీధర్ ఎదురుచూస్తున్నాడు. సెక్యూరిటీ చూడడానికి పొద్దున్నే వచ్చాడు. వెంట గాడ్జెట్ల స్పెషలిస్టు కౌశల్. వాళ్లు వచ్చిన పూటే ఇది జరగడం మురళీధర్‌కి పుండు మీద కారంలా ఉంది.

“డాక్టర్, రెండు ముక్కల్లో చెప్పండి. ఆ పౌడర్ అసలు ఏం చేస్తుంది?”

“న్యూక్లియర్ రిసెప్టర్‌ను బంద్ జేస్తది సార్.”

“న్యూక్లియర్?” మురళీధర్ కుర్చీలోంచి సగం లేచాడు.

“బాంబు కాదు సార్, కూసోండి. కణం నడుమ కేంద్రకం ఉంటది గదా, అందులో పనిజేసే ప్రొటీన్. పీపార్ గామా అంటం.” రూతు బల్ల మీద రెండు పెన్నులు పక్కపక్కన పెట్టింది. “లేత కణం దారప్పోగు లెక్క సన్నగుంటది. అది కొవ్వు కణం కావాల్నంటే కొన్ని జీన్లు ఆన్ కావాలె. ఆ జీన్ల తాన డీఎన్ఏ మీద పీపార్ గామా, దాని జోడీ ఆర్ఎక్స్ఆర్, రెండూ కలిసే కూసుంటయి. కూసున్నా ఊకెనే ఉంటయి. జీన్‌ను మూసిపెట్టే ప్రొటీన్లు వాటిని పట్టుకొనుంటయి. సరైన అణువొచ్చి పీపార్ గామాకున్న జేబుల పడ్డదంటే దాని ఆకారం మారుతది. మూసెటోళ్లను ఇడిసిపెట్టి తెరిచెటోళ్లను పిలుస్తది. జీన్లు ఆన్. కణం గుండ్రంగయితది, నూనె బొట్లు నిండుతయి.”

“పౌడర్?”

“ఆ జేబుల పోయి కూసుంటది. లేవదు. మూసెటోళ్లను ఇంకింత గట్టిగ పట్టుకునేటట్టు జేస్తది. చానామందిల కొంచెమే. రమేష్‌కు ఆ రిసెప్టర్‌ను తయారు జేసే జీన్‌ల పుట్టుకతోనే ఒక్క అక్షరం తేడా. గసోంటోళ్లకు స్విచ్ మొత్తమే బంద్.”

“కొవ్వు కణాలు తగ్గితే మంచిదేగా?”

“తిన్న కొవ్వు యాడికి పోతది సార్? పెట్టుకునే జాగ లేకపోతే లివర్‌ల పడతది, గుండెల పడతది. పైకి సన్నగయితడు, లోపల మునుగుతడు. డాక్టర్లు లివర్ సూసి తాగుబోతంటరు.”

తిరుపతి తన బొజ్జను ఆప్యాయంగా తట్టుకున్నాడు. “అంటే మనదంతా సేఫ్ డిపాజిట్టే అన్నమాట.”

“డిపాజిట్ ఎక్కువైంది తిరుపతన్నా,” అన్నాడు కౌశల్, చేతిలో నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్‌తో ముందుకొచ్చి. నీట్‌గా గడ్డం, చెవిలో బ్లూటూత్. “ఫిట్‌నెస్ టెస్టుల మళ్ల ఫెయిలట గదా? ఉరుకుడు మాట దేవుడెరుగు, వంగి బూట్లేసుకుంటవా అసలు?”

“బొజ్జ జోలికి రాకు తమ్మీ. అది నా సర్వీసు. నీ డబ్బా సంగతి జెప్పు.”

“పై గిన్నెలల్ల ఇడ్లీ, చట్నీ. అడుగు గిన్నె ఇంక్యుబేటర్. బ్యాటరీ, జీపీఎస్, అన్నీ ఉన్నయి. ఈ పచ్చ అంకె ముప్పై ఏడు చూపిస్తుంటే కణాలు సేఫ్.”

“ముప్పై ఏడంటే మన ఒంటి వేడే,” అంది రూతు. “జర చల్లబడ్డా ఓర్చుకుంటయి. ఎండకు మాత్రం తట్టుకోవు. నలభై రెండు దాటితే ఆశ ఒదులుకోవాలె.” ఆమె పక్క ల్యాబు నుంచి ఫ్లాస్కు తెచ్చి, తొణకకుండా అంచుదాకా మీడియం, అంటే కణాలు పెరిగే ఆ గులాబీ ద్రవం, నింపి, మూత గట్టిగా బిగించి, తనే అడుగు గిన్నెలో పెట్టి, ఉష్ణోగ్రత సెట్ చేసింది.

మురళీధర్ ప్లాన్ చెప్పాడు. రూతు ఖాళీ ఐస్ బాక్సుతో ఎస్కార్ట్ కారులో వెళుతుంది. శత్రువు ఆ కారు వెంట పడతాడు. తిరుపతి టిఫిన్లు అమ్మేవాడిలా షేర్ ఆటోలో వెళతాడు. ఒంటరిగా.

“ఒంటరిగ కాదు.” వెంకటనర్సమ్మ చెంగు నడుముకి చుట్టింది. “నేనొస్త.”

“అమ్మా, ఇది ప్రమాదం...”

“సారూ, ఆఖరిసారి ఆయన్ను దవాఖానాల ఒదిలి ఇంటికి పొమ్మన్నరు, పోయిన. తెల్లారి శవాన్నిచ్చిన్రు. ఈసారి ఒదల.”

“సరే, వెళ్లండి,” అన్నాడు మురళీధర్.

తిరుపతి లుంగీ చొక్కాలోకి మారి వచ్చాడు. “రా చెల్లె. మనిద్దరం అన్నాచెల్లెండ్లం. ఇడ్లీలు మిగిలినయి, ఇంటికి పోతున్నం. అంతే.”

* * *

మే నెల. రోడ్డు పెనంలా కాలుతోంది. హబ్సిగూడ దాటాక షేర్ ఆటోలో వాళ్లిద్దరే మిగిలారు. క్యారియర్ తిరుపతి ఒళ్లో ఉంది. పచ్చ అంకె ముప్పై ఏడు దగ్గర కదలకుండా వెలుగుతోంది. అద్దంలో చూస్తే వెనక రెండు బైకులు, రెండు నల్ల హెల్మెట్లు. ఎస్కార్ట్ కారు వెంట వెళ్లాల్సినవాళ్లు ఇక్కడున్నారు.

“అన్నా, మనల్నే సూస్తున్రు,” అంది వెంకటనర్సమ్మ.

“సూడనియ్ చెల్లె. ఇడ్లీలు బాగున్నయేమో.”

పక్కనే తెల్లటి కారు వేగం తగ్గించుకుని ఆటోకి సమానంగా వచ్చింది. అద్దం దిగింది. నల్ల కళ్లద్దాలు, పగడం రంగు లిప్‌స్టిక్, చల్లటి సెంటు వాసన. సన్నజాజి బ్రాండ్ మేనేజర్ సాయి ప్రియ. సిటీలో సగం హోర్డింగ్‌ల మీద ఆమె నవ్వే. ఫెదర్ ముఠా ఆమెకు జీతమిస్తుంది. ఆరో బ్లాక్ కూడా ఇస్తుంది. ఏ జీతానికి పని చేస్తోందో తిరుపతికి ఇంతవరకు అర్థం కాలేదు.

“పెసరట్టు ఉందా?” అంది ఆమె.

“అల్లం లేదు. కొబ్బరుంది.” కోడ్ సరిపోయింది.

“టైమ్ లేదు, విను. మీవాళ్లలో ఒకడు మావాళ్ల మనిషి. మా కంపెనీలో వాడి కోడ్ నేమ్ దర్జీ. మనుషుల్ని బిగుతు చేసేవాడట, బాస్ జోక్. అసలు పేరు నాకు తెలీదు. ‘డబ్బా ఉడుకుతోంది’ అని దర్జీ మెసేజ్ పెట్టాడు. ఇప్పుడే చూశాను.”

“ముప్పై ఏడే చూపిస్తుంది గదా.”

“అంకెను నమ్ముతావా, చేతిని నమ్ముతావా?”

ఆ క్షణమే ఫోన్ మోగింది. కౌశల్. “అన్నా, నీ పక్కన తెల్ల కారుందా? ఆమె డబ్బా తెరిపిస్తది, తెరవకు. దుమ్ము తగిలితే కణాలు ఖతం. చీఫ్ ఆర్డర్.”

తిరుపతి ఫోన్ కట్ చేశాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో చీఫ్ ఆర్డర్లు చాలా విన్నాడు. వాటిలో సగం విననందుకే బతికి ఉన్నాడు. అడుగు గిన్నె మెలి తిప్పి లోపల వేలు పెట్టి, చటుక్కున వెనక్కి లాగాడు. గిన్నె గోడ పొయ్యి మీద పెట్టినట్టు కాలుతోంది, ఆ వేడి ఫ్లాస్కుకు ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఇంకాసేపు ఆగితే రమేష్ రెండోసారి చచ్చేవాడు.

మెదడు గబగబా లెక్కలు వేసింది. డబ్బా చేసింది కౌశల్. నిన్నటి నుంచి అది ఉన్నది మురళీధర్ గదిలో. పొద్దున సెట్ చేసింది రూతు. ముగ్గురిలో ఎవరు?

“ఇప్పుడేం జేద్దామన్నా? బయట పెడితే ఎండ గుంజుకపోతది!” వెంకటనర్సమ్మ గిన్నెకు ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టింది. కన్ను ఫ్లాస్కు మీద నుంచి కదలలేదు.

తిరుపతి బొజ్జవైపు చూసుకున్నాడు. ఎండ నలభై మూడు. ఒళ్లు ఎంత ఎండలోనైనా ముప్పై ఏడే.

“ఫికర్ జెయ్యకు. ఏ బ్యాటరీ లేని ఇంక్యుబేటర్ ఒకటుంది మనతాన.”

తడి తువ్వాలుతో ఫ్లాస్కు పైపైన తుడిచి చల్లార్చాడు. తర్వాత చొక్కా ఎత్తి, బొజ్జ కింది మడతలో దాన్ని అడ్డంగా దూర్చి, లుంగీ బిగించి, పైన తువ్వాలు చుట్టాడు. బయటి నుంచి చూస్తే బొజ్జ ఇంకో అంగుళం పెరిగింది, అంతే. ఫిట్‌నెస్ టెస్టు పెట్టేవాడికైతే గుండె ఆగేది.

సాయి ప్రియ కళ్లద్దాలు కిందికి జార్చి చూసింది. “ఇన్నేళ్లుగా నేను అమ్ముతున్నది ఇలాంటి దాన్ని కరిగించే పౌడర్.”

“అందుకే నీ కంపెనీ మునుగుతుంది మేడం. ఈ ఖాళీ డబ్బా తీసుకపో. జీపీఎస్ అందులనే ఉంది. బైకులోళ్లు దాని ఎంబడే వస్తరు. బోడుప్పల్ దిక్కు తిప్పి తిప్పి కొట్టు.”

“నన్ను నమ్ముతున్నావా?”

“చెయ్యిని నమ్మిన. నువ్వే గదా చెప్పినవ్.”

కారు దూసుకుపోయింది. ఒక బైకు దాని వెంటపడింది. రెండోది మాత్రం ఆటో వెనకే ఉండిపోయింది. ఆ హెల్మెట్ లోపల ఉన్నవాడికి కాస్త బుర్ర ఉన్నట్టుంది.

* * *

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్ ముద్ద కట్టింది. మెట్రో పిల్లర్ల నీడలో ఆటో ఇంజిన్ ఆపేశాడు డ్రైవర్. “ఇగ కదలదన్నా. నడిచిపోతెనే నయం.”

ఇద్దరూ దిగారు. తిరుపతి ఒక చెయ్యి పొట్టకింద ఆనించి, కడుపునొప్పి వచ్చినవాడిలా నడుస్తున్నాడు. చెమట ధారలు కారుతున్నాయి. కారనీ, చెమట పడితేనే ఒళ్లు చల్లగా ఉంటుంది. షేర్ ఆటోల అడ్డా దగ్గర హెల్మెట్‌వాడు ఎదురుగా వచ్చి కాలర్ పట్టుకున్నాడు.

“డబ్బాలోంచి తీసింది ఏది?”

“ఇడ్లీలు అయిపోయినయి సార్. రేపు పొద్దున రాండ్రి.”

వాడి పిడికిలి లేచింది, గురి సరిగ్గా పొట్టకు. ఏ ట్రెయినింగ్‌లోనైనా మొదట నేర్పేది ముఖం కాపాడుకోవడం. తిరుపతి ముఖాన్నే ముందుకు పెట్టాడు. దెబ్బ దవడ మీద పడింది. కళ్ల ముందు మెట్రో పిల్లర్లు రెండింతలయ్యాయి. రెండో దెబ్బకు భుజం తిప్పాడు. రెండు చేతులూ పొట్ట మీద నుంచి తియ్యలేదు.

“వామ్మో! గొలుసు తెంపుతున్నడు! దొంగ, దొంగ!”

వెంకటనర్సమ్మ గొంతుకి అడ్డా మొత్తం తిరిగి చూసింది. ఆమె అప్పటికే చెప్పు తీసి హెల్మెట్ మీద టపటపా వాయిస్తోంది. క్షణంలో డ్రైవర్లు, పండ్ల బండ్లవాళ్లు, బస్సు కోసం నిలబడ్డ కూలీలు చుట్టుముట్టారు. హెల్మెట్ ఊడింది. ఆ తర్వాత ఏజెంటుకి అక్కడ పనిలేకపోయింది.

“గొలుసు ఏది చెల్లె?” అన్నాడు తిరుపతి, నడుస్తూ రక్తం ఉమ్మి.

“ఎన్నడో కుదువబెట్టిన. నడువన్నా, టైమైతుంది!”

* * *

రెండో అంతస్తు హాల్లో కంపెనీ లాయర్ ముగింపు ఉపన్యాసం ఇస్తున్నాడు.

“...చనిపోయిన రమేష్ లివర్ నిండా కొవ్వు. అది తాగేవాళ్లకొచ్చే జబ్బని చదువురానివాళ్లకి కూడా తెలుసు. డాక్టర్ రూతు కణాలున్నాయంటారు. ఎక్కడ? ఖాళీ ఐస్ బాక్సు తెచ్చారు! నాలుగు కావస్తోంది. ఫైలు మూసేయాలని కోరుతున్నాను.”

ఒక పక్క బల్ల దగ్గర రూతు, మురళీధర్, కౌశల్. ఇంకో పక్క కంపెనీవాళ్లు. వాళ్ల మధ్య సాయి ప్రియ. లిప్‌స్టిక్ చెదరలేదు. రూతు లేచి నిలబడింది.

“చైర్మన్ గారూ, తాగని మనిషి లివర్‌ల కూడా కొవ్వు పడతది. దాన్ని దాచే కణాలను తయారు కానీయకపోతే తప్పకుండా పడతది. నేను నోటితోటి చెప్పుడు కాదు, కణాలే చెప్తయి.”

“కణాలేవమ్మా?” అన్నాడు చైర్మన్.

“వచ్చినయి సార్!”

తలుపు దగ్గర దవడ వాచిన లుంగీ మనిషి, చెదిరిన జుట్టుతో ఒక ఆడమనిషి. తిరుపతి తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, చొక్కా ఎత్తి, బొజ్జ కింది నుంచి ఫ్లాస్కు బయటకు తీశాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. లాయర్ కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇదేనా మీ సాక్ష్యం?”

“ఏసీ కార్ల వచ్చే సాక్ష్యాలు మీతాన ఉన్నయి గదా సార్. మాది గిట్లనే నడిచొస్తది,” అన్నాడు తిరుపతి.

చైర్మన్ టెక్నీషియన్‌ని మైక్రోస్కోపు తెమ్మన్నాడు. తిరుపతి ఫ్లాస్కును బల్ల మీద నిలువుగా పెట్టాడు. వెంటనే రూతు చెయ్యి దానివైపు సాగింది. ఆలోచించి కాదు, పక్కింటి పాప పడబోతుంటే తల్లి చెయ్యి సాగినట్టు, దానంతటదే. తిరుపతి అది చూశాడు. కణాలు పెంచిన చెయ్యి తన అలవాటును దాచుకోలేదని మెరుపులా తట్టింది. ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు.

“నిలబెడితే ఏమన్న అయితదా మేడం?” అన్నాడు గుసగుసగా.

“అంచుదాకా నిండుంది. ఏం కాదు. కానీ... కణాలు ఒక్క వైపే అంటుకొనుంటయి. నిలబెట్టింది సూస్తే చెయ్యి ఆగదు. అలవాటు.”

“ఆపుకోండ్రి. జర సేపు అందరం కిటికీ దిక్కు సూద్దాం.”

టెక్నీషియన్ మైక్రోస్కోపు ప్లగ్గు కోసం వెతుకుతున్నాడు. లాయర్ గడియారం చూస్తున్నాడు. మురళీధర్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఫ్లాస్కు పక్కనే పదిమంది ఉన్నారు. ఎవరికీ అది పట్టలేదు.

“నాకు వైర్లు తప్ప ఈ జీవశాస్త్రం తెల్వదు సార్,” అంటూ కౌశల్ చైర్మన్‌కి తన డబ్బా ఎంత గొప్పదో వివరిస్తున్నాడు. “ఆ తెల్ల కారామె హ్యాక్ చేసి ఉంటది, లేకపోతే మా ఇంక్యుబేటర్...” మాట్లాడుతూనే, బల్లవైపు సరిగా చూడకుండానే, అతని ఎడమచెయ్యి ఫ్లాస్కును అందుకుంది. మెల్లగా పడుకోబెట్టింది, కణాలు అంటుకున్న వైపు కిందికి. కుడిచెయ్యి రెండు వేళ్లతో మూతను పావు తిప్పు వదులు చేసింది.

“చెయ్యి తియ్యకు కౌశల్,” అంది రూతు. “అట్లనే ఉంచు.”

అందరూ బల్లవైపు తిరిగారు.

“ఏంది మేడం? పడిపోతదేమోనని...”

“పడిపోతదని పడుకోబెట్టెటోడు ఏ వైపంటే ఆ వైపు పెడతడు. నువ్వు సరైన వైపే పెట్టినవ్. కణాలకు గాలాడాలని మూత ఒదులు జేసినవ్.” ఆమె కళ్లు మండుతున్నాయి. “పొద్దున మా ఇంక్యుబేటర్‌ల బ్లీచ్ పోసినోడు గూడ ప్రతి ఫ్లాస్కుకు మూత మళ్ల పెట్టి, పావు తిప్పు ఒదులు జేసి పోయిండు. చచ్చినవాటికి గాలెందుకని నాకప్పుడు తట్టలే.”

“నీ డిగ్రీ ఎలక్ట్రానిక్స్ కదయ్యా?” అన్నాడు మురళీధర్.

“కాయితాల మీద అదే సార్. చేతుల మీద వేరే ఉంది,” అన్నాడు తిరుపతి. “పౌడర్ కనిపెట్టిన ఫారిన్ ల్యాబ్‌ల ఏండ్ల తరబడి కొవ్వు కణాలు పెంచిన చెయ్యి అయ్యుంటది అది. రిసెప్టర్ బంద్ అయితే ఏమైతదో అందరికన్నా ముందుగాల సూసింది నువ్వే గదా తమ్మీ?”

కౌశల్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. మరుక్షణం అతని మోచెయ్యి ఫ్లాస్కును బల్ల అంచు మీదుగా ఒక్క తోపు తోసింది. మూత వదులుగా ఉంది, కింద పడితే అంతా నేలపాలు. తిరుపతికి చేతులు చాచే టైము లేదు. బల్ల అంచుకు బొజ్జను అడ్డం పెట్టాడు. ఫ్లాస్కు మెత్తగా వచ్చి తగిలి, మీడియం నాలుగు చుక్కలు చొక్కా మీద చిందించి, అక్కడే ఆగింది.

మురళీధర్ కౌశల్ మెడ వంచి బల్లకు ఆనించాడు. టెక్నీషియన్ ఫ్లాస్కును మైక్రోస్కోపు కింద పెట్టాడు. గోడ మీద ముల్లు నాలుగు మీదికి ఎక్కుతోంది.

“కొన్ని ఊడినయి సార్,” అన్నాడు కళ్లెత్తకుండా. “చానామటుకు అంటుకునే ఉన్నయి. దారప్పోగుల్లెక్క సక్కగ. బతికే ఉన్నయి.”

చైర్మన్ కణాలు అందినట్టు సంతకం పెట్టాడు. గడియారం నాలుగు కొట్టింది.

“అభ్యంతరం!” అని లాయర్ అరిచాడు. సాయి ప్రియ అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది. కంపెనీ పరువు కోసం బాధపడుతున్నట్టు ఆమె ముఖం ఎంత బాగా నటించిందంటే, తిరుపతికి నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

రూతు కుర్చీలో కూలబడింది. వెంకటనర్సమ్మ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లి, అడిగి, కన్ను ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

మురళీధర్ కౌశల్ చేతులు వెనక్కి కట్టి, అతని తల మీద కర్చీఫ్ కప్పాడు. కిందినుంచి కెమెరాలవాళ్లు మెట్లెక్కి వచ్చేస్తున్నారు.

“తిరుపతీ, వెనక మెట్ల మీదుగా తీసుకెళ్దాం. డిపార్ట్‌మెంట్ మనిషి. పేరు బయటికి రాకూడదు. పైవాళ్లతో మాట్లాడి ఇంటర్నల్‌గా చూసుకుందాం.”

వెనక తలుపుకి అడ్డంగా వెంకటనర్సమ్మ నిలబడి ఉంది. చెంగు నడుముకు బిగించే ఉంది.

“పేరు జెప్పకుండ యాడికి సారూ?”

“అమ్మా, కొన్ని రూల్స్ ఉంటాయి...”

“నా పెనిమిటి పేరు పేపర్ల ఏసినప్పుడు ఏ రూలు అడ్డమొచ్చింది? రమేష్, నాచారం, తాగుబోతు. టీవీల దినాం జెప్పిన్రు. వాడకట్టంత ఇన్నది. నా పిల్లలు ఇన్నరు. చంపినోని పేరు గూడ గంత గట్టిగనే జెప్పాలె. జెప్పినంకనే జరుగుత.”

“తిరుపతీ, ఆమెను పక్కకు తీసుకెళ్లు. ఇది ఆర్డర్.”

తిరుపతి దవడ తడుముకున్నాడు. చీఫ్‌వైపు చూశాడు. మెట్ల మీద నుంచి హాల్లోకి తోసుకొస్తున్న కెమెరాలవైపు చూశాడు. తర్వాత మెల్లగా నడిచివెళ్లి, లాయర్ వదిలేసిన మైకు చేతిలోకి తీసుకుని, రెండుసార్లు తట్టి చూశాడు. పనిచేస్తోంది.

“అందరు రాసుకోండ్రి. రమేష్‌ను చంపినోళ్లకు మా ఇంట్లనే ఉండి కాపలా కాసినోడు, దర్జీ,” అన్నాడు, కర్చీఫ్ ఒక్క గుంజు గుంజి. “పేరు కౌశల్. ఆరో బ్లాక్. మనిషి ఫుల్ ఫిట్టు, మందు ముట్టడు.”